ఒక్క రైలు దూరంలో వెర్డీ ‘రెక్వియమ్’

ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే నేరుగా సౌత్ కెన్సింగ్టన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి కాస్త నడిస్తే రాయల్ ఆల్బర్ట్ హాల్. ఒపెరాలకు, అంటే పాటల నాటకాలకు పేరొందిన ఇటలీ స్వరకర్త జుసెప్పె వెర్డీ 1875 మే నెలలో తన ‘రెక్వియమ్’ను స్వయంగా సారథ్యం వహించి వినిపించింది ఇక్కడే.

రెక్వియమ్ అంటే చనిపోయినవారి ఆత్మశాంతికి క్యాథలిక్కులు చేసే ప్రార్థన. 1868లో స్వరకర్త రోస్సినీ మరణించినప్పుడు, ఇటలీ స్వరకర్తలు తలో భాగం రాసి నివాళి అర్పిద్దామని వెర్డీ ప్రతిపాదించారు. 13 మంది రాశారు. ముగింపు వెర్డీది. తీరా ఆ కచేరీ జరగనే లేదు.

1873లో తాను ఎంతో గౌరవించే రచయిత మాంజోనీ కన్నుమూశారు. వెర్డీ ఆ పాత ముగింపును బయటికి తీసి, మార్పులు చేసి, మిగతాదంతా తానే రాశారు. 1874 మే 22న, మాంజోనీ తొలి వర్ధంతి నాడు మిలాన్‌లోని శాన్ మార్కో చర్చిలో అది మొదటిసారి వినిపించింది.

నలుగురు గాయకులు, భారీ బృందగానం, ఆర్కెస్ట్రాతో దాదాపు గంటన్నర సాగుతుంది. తీర్పు దినం ఘట్టంలో పెద్ద డ్రమ్ము గుండెలదిరేలా మోగుతుంది. ఇది ప్రార్థనలా లేదు, ఒపెరాలా ఉందని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. ముగింపులో మాత్రం గాయని వేడుకునేది పోయినవారి కోసం కాదు, బతికున్న తన కోసం.

ఊళ్లో అయినవారు పోతే, సమయానికి వెళ్లలేక అంత్యక్రియలు ఫోన్‌లో చూసినవాళ్లు మనలో ఎందరో! లాటిన్ రాకపోయినా ఆ ముగింపు వారికి అర్థమవుతుంది. లండన్‌లో ఈసారి ఈ కచేరీ ఉందని తెలిస్తే వెళ్లి వినండి.