చత్వారానికి లొంగని కటకం

నలభై దాటాక కంటి కటకం గట్టిపడి, దగ్గరి వస్తువులు మసకబారడమే చత్వారం. కనుపాప వెనుక ఉండే ఈ కటకాన్ని సన్నటి తంతువులు చుట్టూ ఉన్న కండర వలయానికి పట్టి ఉంచుతాయి. దగ్గరిది చూడాల్సి వస్తే కండరం బిగుస్తుంది, తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బి శక్తి పెంచుకుంటుంది. దీన్ని 1855లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్జ్ వివరించాడు. చిన్నపిల్లల్లో ఈ మార్పు 10 డయాప్టర్లకు (కటక శక్తిని కొలిచే ప్రమాణం) మించుతుంది. యాభై దాటేసరికి ఒక్క డయాప్టర్ మిగలడమే కష్టం. కండరం తన పని తాను చేస్తూనే ఉంటుంది, కటకమే కదలదు.

కరువు సీమ అయిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ లోపం నేరుగా కూలి డబ్బుల మీద దెబ్బ కొడుతుంది. వాన నమ్ముకోలేని చోట ధర్మవరం పట్టుమగ్గాలు ఎన్నో ఇళ్లకు ఆధారం. కొత్త పడుగు (నిలువు పోగుల వరస) ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొసను వేళ్లతో మెలిపెట్టి అతకాలి. అలాంటి పోగులు వేలల్లో ఉంటాయి. సన్నని ఆ పట్టుపోగు కంటికి ఆనకపోతే చేతిలో ఎంత పనితనం ఉన్నా మగ్గం ఆగిపోతుంది. విత్తనానికి వేరుశనగ గింజలు ఏరేవారిదీ ఇదే అవస్థ. అస్సాంలో నలభై దాటిన తేయాకు కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, అద్దాలు లేనివారికన్నా వారి పని ఇరవై శాతానికి పైగా పెరిగిందని 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

అద్దాలే కాదు, కటకాన్నే మార్చే వైద్యమూ ఉంది: శుక్లం ముదిరినప్పుడు కటకం తీసి కృత్రిమ కటకం వేస్తారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ ఆరంభించిన ఈ వైద్యం పుట్టపర్తి దగ్గరి ప్రశాంతిగ్రామంలో, 1991లో మొదలైన సత్యసాయి ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా అందుతోంది. అయితే సాధారణంగా వేసే కటకం ఒక్క దూరానికే కుదురుతుంది. దూరపు చూపు తేటపడుతుంది, పోగు మాత్రం మసకగానే ఉంటుంది.

ఆ లోటు తీర్చడానికే కదిలే కటకాల ప్రయత్నం. మడత కీళ్లతో ముందుకు జరిగేలా రూపొందించిన క్రిస్టాలెన్స్ అనే కృత్రిమ కటకానికి 2003లో అమెరికా అనుమతి లభించింది. కంటిలో అది జరిగే దూరం స్వల్పం కావడంతో ఫలితం ఆశించినంత లేదు. ఇంతకన్నా సాహసమైన ఆలోచన మరొకటి ఉంది: కటకపు సంచికి చిన్న రంధ్రం చేసి, గట్టిపడిన గుజ్జు తీసేసి, మెత్తని జెల్ నింపడం. సంచి, తంతువులు, కండరం సొంతవే కాబట్టి కంటి సహజమైన పనితీరు తిరిగి వస్తుందని ఆశ.

ఈ పరిశోధనలో తెలుగు నేలకూ పాత్ర ఉంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, అమెరికాలోని మయామి, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి దానమిచ్చిన కళ్లలోని కటకాలను తంతువులతో సహా యంత్రానికి బిగించి, చుట్టూ సమంగా లాగి చూశారు. పడుచు కటకం సాగి శక్తి మార్చుకుంటుంది, వృద్ధుల కటకం ఉలకదు. ఈ కొలతలు 2011లో ప్రచురితమయ్యాయి. జెల్ ఎంత మెత్తగా ఉండాలో తేల్చేందుకు ఇవి ఆధారం.

చిక్కులూ చిన్నవి కావు. రంధ్రం గుండా జెల్ కారకూడదు. ఎంత నింపితే సరైన శక్తి వస్తుందో ముందే తెలియాలి. మిగిలిపోయిన కణాలు పెరిగి సంచిని మళ్లీ మసకబార్చకూడదు. అందుకే ఈ పద్ధతి ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. అది వచ్చేదాకా నేతగాడికి అద్దాలు రాసేటప్పుడు పుస్తకం చదివే దూరం ఒక్కటే చూస్తే చాలదు, కూర్చున్న చోటి నుంచి పడుగు ఎంత దూరంలో ఉంటుందో అడిగి కొలవాలి.