పార్ట్ పోయినా మెడల్ పోదు: మెడాబాట్స్ గేమ్ కథ

ఈ రోజు ఒక పాత గేమ్ గురించి మాట్లాడుకుందాం. దానికంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట చెప్తా.

మా చిన్నమ్మ వాళ్లది చేవెళ్ల దగ్గర. కూరగాయలు పండిస్తారు. వాళ్ల చిన్నోడు తొమ్మిదో తరగతి. ఒక రోజు చిన్నమ్మ ఫోన్‌లో నుంచి ఎనిమిది వందలు కట్ అయినయి. టమాటలు అమ్మిన పైసలవి. వీడు ఏదో గేమ్‌లో గన్ స్కిన్ కొన్నాడు. "ఎందుకురా?" అంటే, "అది ఉంటే గెలుస్తా అనుకున్న అన్నా" అన్నాడు. గెలిచాడా? లేదు. ఆ సాయంత్రం కూడా ఓడిపోయాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చిన గేమే మెడాబాట్స్. జపాన్‌లో దీని పేరు మెడరాట్. 1997 నవంబర్‌లో గేమ్ బాయ్ మీద వచ్చింది. ఇమాజినీర్ అనే కంపెనీ రిలీజ్ చేసింది. ఒకే గేమ్ రెండు వెర్షన్లుగా వచ్చింది, కబుటో, కువగాటా అని. రెండూ పురుగుల పేర్లే, కొమ్ము పురుగు ఒకటి, పట్టకారు లాంటి దవడల పురుగు ఒకటి. తర్వాత 1999లో టీవీ కార్టూన్ కూడా వచ్చింది. గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఈ సిరీస్ గేమ్‌లు ఇంగ్లీష్‌లో కూడా వచ్చాయి.

కథ సింపుల్. పిల్లల దగ్గర చిన్న చిన్న రోబోలు ఉంటాయి. వాటితో ఒకళ్లతో ఒకళ్లు పోటీ పడతారు. దాన్ని రోబాటిల్ అంటారు.

ఇప్పుడు రోబో లోపల ఏముంటదో చూద్దాం. ముందు టిన్‌పెట్ అని ఒక అస్థిపంజరం లాంటిది. దానికి నాలుగు పార్టులు బిగించాలి: తల, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్లు. వీటన్నిటికీ ప్రాణం పోసేది మెడల్. నాణెం లాంటి ఆ చిన్న బిళ్లే రోబో మెదడు అన్నమాట.

మొయినాబాద్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతది. పార్టులు హార్డ్‌వేర్, మెడల్ ప్రోగ్రామ్. కానీ మామూలు ప్రోగ్రామ్‌కి లేని గుణం ఒకటి మెడల్‌కి ఉంది. ఆడే కొద్దీ అది నేర్చుకుంటది. ఒక మెడల్‌కి గురి పెట్టి కాల్చడం బాగా వస్తది, ఇంకోదానికి దగ్గరికెళ్లి కొట్టడం. మెటాబీ అనే రోబో తుపాకీ రకం, రొకుషో అనేది కత్తి రకం. కాల్చే మెడల్‌ని కత్తి చేతులున్న బాడీలో పెడితే ఆడుతది కానీ, దాని అసలు బలం బయటికి రాదు.

పోటీ ఎట్లుంటదంటే, రెండు టీములు అటు చివర, ఇటు చివర నిలబడతాయి. మనం ఏ పార్ట్ వాడాలో చెప్తాం. రోబో మధ్య గీత దాకా ఉరికి, ఆ పని చేసి, వెనక్కి తన జాగాకి వస్తది. వచ్చినాకే మళ్లీ ఆర్డర్. బలమైన పార్టు అయితే పోయి రావడానికి ఎక్కువ టైం పట్టొచ్చు. అంటే ఖరీదైన ఆయుధం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎప్పుడు వాడాలో తెలియాలి. చెయ్యి విరిగితే ఆ చెయ్యి ఇక పని చెయ్యదు. లీడర్ రోబో తల పోయిందా, మ్యాచ్ అయిపోయినట్టే.

అసలు పాయింట్ ఇక్కడుంది. రోబాటిల్ రూల్ ప్రకారం ఓడినోళ్లు ఒక పార్ట్ గెలిచినోళ్లకి ఇచ్చెయ్యాలి. మన ఊర్ల గోటీలాట లెక్కనే కదా! ఓడితే జేబులో గోటీలు పోతయి, ఏడుపొస్తది. రేపు మళ్లీ ఆడతాం. ఎందుకంటే గోటీ పోయింది గానీ, గురి పోలేదు. మెడాబాట్స్‌లో కూడా అంతే. పార్టు పోతది, మెడల్ నీ దగ్గరే ఉంటది. అది నేర్చుకున్నది ఎవరూ గుంజుకోలేరు.

కార్టూన్‌లో హీరో ఇక్కి సంగతి చూడండి. మంచి రోబో కొనే పైసలు లేవు. ఏరులో దొరికిన మెడల్, పాత మోడల్ బాడీ, వాటితోనే మొదలుపెడతాడు. పైగా ఆ రోబో మెటాబీ అస్సలు మాట వినదు, ఎదురు మాట్లాడతది. అయినా ఇద్దరూ కలిసి ఓడుతూ, నేర్చుకుంటూ పోతారు.

ఇప్పుడు మా తమ్ముడి దగ్గరికి వద్దాం. వాడు కొన్నది పార్టు. వాడికి కావాల్సింది మెడల్. స్కిన్ మారితే బొమ్మ రంగు మారుతది, వేలు గురి మారదు. ఈ మాట చెప్తే మొదట మొఖం మాడ్చుకున్నాడు. తర్వాత వాడే అమ్మ దగ్గరికి పోయి, ఆదివారాలు మార్కెట్‌కి గంపలు మోస్తా, ఎనిమిది వందలు తీరేదాకా అన్నాడు. చిన్నమ్మ ఏమీ అనలేదు. ఫోన్ పిన్ మాత్రం మార్చింది!

మీరు కూడా ఈసారి గేమ్‌లో పైసలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. నేను కొంటున్నది పార్టా, మెడలా అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ పైసలు ఎవరి చెమటో కూడా గుర్తుచేసుకోండి. సరే ఫ్రెండ్స్, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.