పెన్నా పిల్లరు దగ్గర సుడి లెక్క

వేసవిలో ప్రొద్దుటూరు దగ్గర పెన్నా బ్రిడ్జి కిందికి దిగి చూస్తే పిల్లర్ల చుట్టూ ఇసుక చదునుగా కనిపిస్తుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. వరద ఉధృతిలో నీళ్లు పిల్లరు మొదట్లో గుంత తవ్వుతాయి. వరద తీసే వేళకు ఆ గుంతను ఇసుకతో అవే పూడ్చిపెడతాయి. నదుల మీద వంతెనలు కూలడానికి ప్రపంచమంతటా ఈ కోత ఒక ప్రధాన కారణం. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలిన సంగతి పులివెందుల, ప్రొద్దుటూరు వైపు వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

పిల్లరుకు కొట్టుకున్న ప్రవాహం కిందికి దిగి, అడుగున గుర్రపు లాడం ఆకారంలో సుడి తిరుగుతుంది. తవ్వేది ఆ సుడే. దాని బలం కంప్యూటర్లో లెక్కకట్టాలంటే ఎంత పని? పిల్లరు వెడల్పు 2 మీటర్లు, నీటి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. చిట్టచివరి చిన్న సుడి దాకా వదలకుండా పట్టాలంటే నదిని సుమారు 7 కోట్ల కోట్ల గళ్లుగా విడగొట్టాలి. జరిగే పని కాదు.

అందుకే సగటు పద్ధతి వచ్చింది. ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1895లో చూపిన దారి ఇది: సుడులను విడిగా లెక్కించకుండా వాటి మొత్తం ప్రభావాన్ని ఒక సూత్రంతో అంచనా వేస్తారు. చవకైనదే. కానీ లాడం సుడి ఒకచోట నిలవదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపును సగటుతో పట్టాలనుకోవడం, జిల్లా ఏడాది సగటు వాన చూసి ఒక్క రాత్రి కుంభవృష్టిని ఊహించడం లాంటిది. రెండో దారి 1963లో వాతావరణ శాస్త్రవేత్త స్మాగొరిన్‌స్కీ చూపించారు: పెద్ద సుడులను నేరుగా లెక్కించి, చిన్నవాటిని మాత్రమే అంచనాకు వదలడం. అయితే గోడలు, నది అడుగు దగ్గరికి వచ్చేసరికి పెద్ద సుడులు కూడా చిన్నవైపోతాయి, ఖర్చు మళ్లీ చేయి దాటుతుంది.

బోయింగ్‌లో పనిచేసిన ఫిలిప్ స్పలార్ట్, ఆయన సహచరులు 1997లో ఈ రెంటినీ కలిపారు. గోడను అంటిపెట్టుకున్న పలుచని పొరలో సగటు, ప్రవాహం గోడను విడిచి సుడులు తిరిగే చోట నేరుగా లెక్క. విమానాల కోసం పుట్టిన పద్ధతే తర్వాత వంతెన పిల్లర్ల దాకా వచ్చింది, లాడం సుడి ఊగడాన్ని బాగానే పట్టింది.

చిక్కంతా రెండు పద్ధతులు కలిసే హద్దు దగ్గర. సగటు తన బాధ్యత వదిలేసినా అవతల సుడులు ఇంకా పుట్టవు. గళ్లు తప్పుగా వేస్తే, ప్రవాహం గోడను విడవాల్సిన చోటుకు ముందే విడిచిందని లెక్క చూపిస్తుంది. 2006లో కొంత సరిదిద్దారు గానీ గళ్లు వేసేవాడి అనుభవం మీద ఆధారపడటం పోలేదు. రంగురంగుల బొమ్మలు చూసి మోసపోవడం తేలిక.

పైగా ఇది నీటి లెక్క మాత్రమే. ఇసుక ఎంత లేస్తుందో చెప్పే సూత్రాలు ఇంతకన్నా మొరటువి. కాబట్టి నిండు వరదలోనే సోనార్‌తో పిల్లరు దగ్గర లోతు కొలవాలి. ఎండిన పెన్నాలో కొలిచిన లోతుతో సరిచూస్తే ఎంత గొప్ప లెక్కైనా నమ్మదగింది కాదు.