దూరపు సైకిలు పందేల్లో విద్యుత్ గేర్లు నమ్మదగినవేనా?

కెనడాలోని బాన్ఫ్ పట్టణం నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దులోని యాంటిలోప్ వెల్స్ వరకు సుమారు 4,300 కిలోమీటర్లు. ఏటా జూన్‌లో ‘టూర్ డివైడ్’ పేరిట ఈ దారిలో సైకిలు పందెం జరుగుతుంది. పోటీదారులు పడక, దుస్తులు, పనిముట్లు సైకిలుకే కట్టుకొని బయలుదేరతారు. వెంట వాహనం గానీ, మెకానిక్ గానీ ఉండరాదు. అందరికీ తెరిచి ఉండే దుకాణంలో సరకు కొనవచ్చు, మరమ్మతు చేయించుకోవచ్చు. ముందే మాట్లాడుకున్న సాయం పొందడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. దారిలో కొన్ని చోట్ల రోజంతా తొక్కినా దుకాణం కనిపించదు. అక్కడ గేర్లు మొరాయిస్తే నెలల శ్రమ వృథా అవుతుంది. విద్యుత్ గేర్లపై చర్చకు మూలం ఇదే.

పనితీరు ఇలా..

సాధారణ గేర్ల సైకిలులో హ్యాండిల్ వద్ద మీట నొక్కితే ఉక్కు వైరు కదులుతుంది. దాంతో వెనుక చక్రం వద్దనున్న డీరైలర్ జరిగి, చైనును ఒక పళ్లచక్రం నుంచి మరొక దానిపైకి మళ్లిస్తుంది. విద్యుత్ గేర్లలో బొత్తాం నొక్కితే సంకేతం అంది, డీరైలర్‌లోని చిన్న మోటారు ఈ పని చేస్తుంది. 1990లలో ఫ్రాన్సు సంస్థ మావిక్ చేసిన ప్రయత్నాలు నిలదొక్కుకోలేదు. జపాన్ సంస్థ షిమానో 2009లో ‘డీఐ2’ను విపణిలోకి తెచ్చాక ఈ విధానం స్థిరపడింది. అమెరికా సంస్థ శ్రామ్ 2015లో వైర్లు లేని ‘ఈట్యాప్’ను ప్రకటించింది.

వేళ్లకు ఊరట

వైరు తొడుగులోకి బురద, నీరు చేరితే గేరు బిగుసుకుంటుంది. మీట లోపల పదేపదే వంగి పోగులు తెగుతాయి. విద్యుత్ గేర్లకు ఈ బాధ లేదు. అంతకంటే ముఖ్యమైనది చేతుల సంగతి. రోజుల తరబడి హ్యాండిల్‌పై బరువు మోపడంతో అరచేతి నాడి నలిగి, చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మీట నెట్టే శక్తి తగ్గిన దశలో బొత్తామే ఆదుకుంటుంది.

ఛార్జింగే కీలకం

షిమానో బ్యాటరీ ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 1,000 కిలోమీటర్లు వస్తుంది. ఛార్జి తగ్గినపుడు తొలుత ముందు డీరైలర్, తర్వాత వెనుకది ఆగుతాయి. శ్రామ్‌లో ఒక్కో డీరైలర్‌కు ఒక్కో బ్యాటరీ ఉంటుంది. ఇది సుమారు 60 గంటలు పనిచేస్తుంది. రోజుకు 16 గంటలు తొక్కేవారికి నాలుగు రోజులలోపే. వెనుకది అయిపోతే ముందుది తీసి అమర్చుకోవచ్చు. 25 గ్రాముల అదనపు బ్యాటరీ సంచిలో ఉంచుకోవచ్చు. చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. ముందు చక్రం డైనమోతో పవర్‌బ్యాంకు నింపుకొనేవారూ ఉన్నారు. అయితే ఎత్తులపై నెమ్మదిగా ఎక్కేటపుడు డైనమో ఇచ్చే కరెంటు స్వల్పమే.

అసలు తేడా ఇక్కడే

బంకమట్టి బురద చైనుకు చుట్టుకొని డీరైలర్‌ను చక్రపు ఊచల్లోకి లాగితే ఏ రకమైనా విరుగుతుంది. మరమ్మతులోనే తేడా. తెగిన వైరు స్థానంలో కొన్ని గ్రాముల విడి వైరు చాలు. అదీ లేకుంటే డీరైలర్ మర బిగించి, ఒకే గేరులో తదుపరి ఊరు చేరవచ్చు. విద్యుత్ డీరైలర్ పాడైతే అదే సంస్థకు చెందిన, ఆ వ్యవస్థకు సరిపడేదే కావాలి. చిన్న ఊళ్లలో అది దొరకడం కష్టం, ధరా ఎక్కువే. విద్యుత్ గేర్లు చెడేది అరుదు, దారిలో బాగుపడేదీ అరుదు.

జాగ్రత్తలు

* బ్యాటరీతోపాటు మీటల్లోని బిళ్ల సెల్లులు సైతం ముందే మార్చుకోవాలి.
* సామాను సంచి బొత్తాంపై ఒత్తిడి తేకుండా చూసుకోవాలి.
* శ్రామ్ బ్యాటరీలను సైకిలు రవాణా సమయంలో తీసి ఉంచాలి. కుదుపులకు అవి మేల్కొని ఛార్జి తరిగిపోతుంది.
* డీరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ విడిగా ఒకటి వెంట ఉంచుకోవాలి.

హైదరాబాద్‌లో 200 నుంచి 600 కిలోమీటర్ల బ్రెవెట్ సవారీలు చేసేవారికి ఇంత చింత లేదు. 600 కిలోమీటర్లకు గడువు 40 గంటలు. నిండు ఛార్జితో బయలుదేరితే దారిలో ప్లగ్గు వెతకవలసిన పని ఉండదు. జనావాసాలకు దూరంగా వారాల తరబడి తొక్కదలచినవారు మాత్రం ఛార్జి లెక్కను నీళ్ల లెక్కతో సమానంగా చూసుకోవాలి. ఆ లెక్క కుదరనివారికి వైరు గేర్లే క్షేమం.