రాళ్ళకు నోరిచ్చువారు

ఉత్తర స్పెయిన్ దేశమున పడమరగా సాగిపోవు ప్రాచీన యాత్రామార్గ మొకటి కలదు. యేసుక్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి సాంతియాగో నగరమున నున్నదని విశ్వసించి, శతాబ్దుల తరబడి యాత్రికులు ఈ త్రోవను నడచిరి, నేటికిని నడచుచున్నారు. ఆ త్రోవలోనివే బుర్గోస్, లెయోన్ నగరములు. బుర్గోస్ కాస్తీల్ రాజ్యమునకును, లెయోన్ తన పేరుగల రాజ్యమునకును పూర్వము రాజధానులు. రెండింటను పదమూడవ శతాబ్ది నాటి క్రైస్తవ దేవాలయములు ఆకాశము నంటుచున్నట్లు నిలిచియున్నవి. వానిని చూచుటకు ఎవరి తోడును అక్కరలేదు. చూచినదానిని తెలిసికొనుటకు మాత్రము ఆ ఊరి మార్గదర్శి కావలెను.

బుర్గోస్ దేవాలయ నిర్మాణము 1221లో ఆరంభమయ్యెను. లోపల గోడపై ఎత్తున ఒక గడియారము కలదు. గంట కొట్టినపుడు దానిపైనున్న బొమ్మ నోరు తెరచి మూయును. 'ఈగలు మ్రింగువాడు' అని దానికి పేరు. పిల్లలును పెద్దలును తలలెత్తి ఆ క్షణము కొరకు కాచియుందురు. బొమ్మ నోరు మూసిన తరువాతనే మార్గదర్శి నోరు తెరచుట! అతడు వారిని ఆలయ మధ్యభాగమునకు కొనిపోయి, పాదముల చెంతనున్న రాతిపలకను చూపును. స్పెయిన్ గాథలకెక్కిన పదునొకండవ శతాబ్ది వీరుడు ఎల్ సిద్, అతని భార్య హిమేనా దానిక్రింద నిద్రించుచున్నారు. వారి సమాధిని నెపోలియన్ సైనికులు చెదరగొట్టిరి. తుదకు 1921లో వారి యస్థికల నిచ్చట నుంచిరి. ఇక పైకి చూడుడని అతడు చెప్పును. నక్షత్రాకృతి గల గోపురము కనబడును. మొదట కట్టినది 1539లో కూలిపోగా, 1568 నాటికి మరల నిలిపినది ఇది.

లెయోన్‌లో మార్గదర్శి మొదట తలపించునది ఒక సభ. 1188లో తొమ్మిదవ అల్ఫోన్సో రాజు ప్రభువులను, మతాధిపతులను మాత్రమే గాక నగరవాసుల ప్రతినిధులను గూడ పిలిపించెను. ఇంగ్లండున మాగ్నాకార్టా వెలువడుటకు ఇరువదియేడేండ్ల ముందటి మాట ఇది. ఐరోపాలో ప్రతినిధి సభకు లభించు తొలి లిఖిత సాక్ష్యముగా దాని శాసనములను యునెస్కో 2013లో గుర్తించెను.

పిమ్మట దేవాలయము. గోడలుండవలసిన చోట రంగుటద్దములే యున్నవి. వాని వైశాల్యము సుమారు 1,800 చదరపు మీటర్లు. ఎండ పొడసూపగానే నేలపై ఎరుపు, నీలము, పసుపు పరచుకొనును. సందర్శకులు మాట మరచి నిలిచిపోవుదురు. అప్పుడు మార్గదర్శి మెల్లగా చెప్పును: ఈ వెలుగు దక్కుట యంత సులభముగా జరుగలేదు. ఇంత పలుచని కట్టడము పందొమ్మిదవ శతాబ్దిలో కూలుటకు సిద్ధమయ్యెను. దశాబ్దులు మరమ్మతు చేసి, 1901లో మరల ఆరాధనకు తెరచిరి. 1966 మే 29న పిడుగుపడి పైకప్పు దూలములు కాలిపోయెను.

అగ్నిమాపకదళము వచ్చెను. కావలసినంత నీరు కుమ్మరించుటయే ఎవరికైనను తోచు ఉపాయము. కాని ఆలయపు రాతిపనివారి పెద్ద వలదని వారించెను. దూలములకు దిగువనున్న కమానులు సూక్ష్మరంధ్రములు గల తేలికరాతితో కట్టినవి. ఆ రాయి నీటిని పీల్చి బరువెక్కినచో సర్వమును కూలునని అతడెరుగును. అతని మాట వినిరి. పైకప్పు పోయెను, కమానులు నిలిచెను, అద్దములు దక్కెను.

నిత్యము ఆ రాతిని తాకిన చేతికి తెలిసిన సంగతి అది. అది తెలిసిన మనిషి ఆ రాత్రి అచ్చట లేకున్నచో నేడు చూపుటకు ఏమి మిగిలియుండెడిది? కథ ముగించి మార్గదర్శి ఊరకుండును. సందర్శకులు మరల తలలెత్తుదురు. ఇందాక రంగులను చూచిన కన్నులు ఈమారు ఆ రంగులపైనున్న రాతికమానులను వెదకును. పాఠము చెప్పువారు ప్రతిదినము కోరునదియు ఈ రెండవ చూపునే గదా!