పొగడబ్బాలో ఓం సూత్రం

— ఫైనల్ ఎమ్మెస్సీ (ఫిజిక్స్) విద్యార్థి

చదువుకున్న విద్య నలుగురికీ ఉపయోగపడాలని పెద్దలంటారు. అయితే ఆ నలుగురిలో మొదటివాడు మన పక్కగది మిత్రుడే అయి, వాడు అడిగే ఉపయోగం కాస్త తిరకాసుదైతే ఏం చేయాలో మాత్రం పెద్దలు చెప్పలేదు.

పరీక్షలకు ముందు ఒక రాత్రి మావాడొకడు నా గదికి వచ్చాడు. ఒక చేతిలో పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బా. రెండో చేతిలో పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన రెండు సెల్స్. "బావా! నీకు ఫిజిక్స్ వచ్చు గదా. దీనితో ఒక ఎలక్ట్రానిక్ సిగరెట్టు చేసిపెట్టు. రేడియోకి ఉన్నట్టు ఒక మర ఉండాలి. తిప్పితే వోల్టేజి పెరగాలి, తగ్గాలి. ఇది చేతికొస్తే రోజుకు పది సిగరెట్లు మానేస్తా" అన్నాడు.

సిగరెట్టు మానేస్తాననే వాడిని కాదనడం ఎలా? "సరే, సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు పెన్సిలు పట్టుకుందాం, కూర్చో" అన్నాను. ఆ రాత్రి కాగితం మీద వేసిన లెక్కలే ఈ వ్యాసం. లెక్కలంటే భయపడే ఆర్ట్స్ మిత్రులు కంగారుపడనక్కర లేదు. హెచ్చవేతలు, భాగహారాలు తప్ప ఇందులో మరేమీ లేవు.

అసలిది ఏమిటి?

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఈ యంత్రం ఆ సామెతకు కొంచెం ఎదురు తిరిగింది. ఇందులో మండేది ఏదీ లేదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు చిక్కటి ద్రవాలలో నికోటిన్, కాస్త సువాసన కలుపుతారు. ఆ ద్రవాన్ని ఒక దూది వత్తి పీల్చుకుంటుంది. వత్తి చుట్టూ నిక్రోమ్ వంటి సన్నని తీగ చుట్టి ఉంటుంది. తీగలో కరెంటు ప్రవహిస్తే అది వేడెక్కుతుంది, ద్రవం ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లబడి సన్నని తుంపరగా నోట్లోకి వస్తుంది. మనం పొగ అనుకునేది ఈ తుంపరే. దీపపు వత్తికీ ఇస్త్రీ పెట్టెలోని తీగకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ అన్నమాట!

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన పొగాకు లేని, పొగ లేని సిగరెట్టుకు 1963లో పేటెంటు కోరగా, 1965లో అది లభించింది. కాని సరుకు బజారుకెక్కలేదు. 2003లో చైనాకు చెందిన ఫార్మసిస్టు హోన్ లిక్ రూపొందించిన నమూనాతోనే ఈనాటి ఎలక్ట్రానిక్ సిగరెట్టు మొదలైందని చెప్పాలి. ఆయన మొదట ద్రవాన్ని అతిధ్వని కంపనాలతో తుంపరగా మార్చాడు. తీగ చుట్టే పద్ధతి తర్వాత స్థిరపడింది.

మర ఎందుకు కావలసి వచ్చింది?

తొలి రోజుల్లో వచ్చినవి సిగరెట్టంత సన్నగా ఉండేవి. లోపలి బ్యాటరీ చిన్నది, త్వరగా నీరసించేది. లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులిస్తుంది. వాడుతున్న కొద్దీ 3.7కు, ఇంకా కిందికి దిగుతుంది. వోల్టేజి దిగితే తీగ వేడి దిగుతుంది, పొగ పలచబడుతుంది. అమెరికా, ఇంగ్లండులలో ఇంట్లో రేడియోలు విప్పి బిగించే అలవాటున్న వారికి ఇది నచ్చలేదు. టార్చిలైటు గొట్టాల్లో, పిప్పరమెంటు డబ్బాల్లో పెద్ద సెల్స్ పెట్టి సొంతంగా తయారు చేసుకోసాగారు. సెల్ దిగినా వోల్టేజి దిగకుండా ఒక రెగ్యులేటరు, ఇష్టం వచ్చినంత పెంచుకునేందుకు ఒక మర కూడా పెట్టారు. తర్వాత కంపెనీలు ఇదే పోకడను అందిపుచ్చుకున్నాయి. మావాడు వీడియోల్లో చూసి వచ్చింది ఈ డబ్బానే.

ఓం గారి లెక్క

ఇంటర్మీడియట్‌లో అందరం చదివిందే: కరెంటు అంటే వోల్టేజిని నిరోధంతో భాగించడం. వేడిగా మారే శక్తి, అంటే వాట్లు, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వస్తుంది. కీలకమంతా ఆ 'వర్గం' అన్న మాటలో ఉంది.

తీగ నిరోధం 2.5 ఓములు అనుకుందాం. 3 వోల్టులిస్తే 1.2 ఆంపియర్లు ప్రవహించి 3.6 వాట్ల వేడి పుడుతుంది. మర తిప్పి 6 వోల్టులు చేస్తే కరెంటు 2.4 ఆంపియర్లు. వేడి ఎంత? రెట్టింపు 7.2 అని మావాడు ఠక్కున చెప్పాడు. కాదు, 14.4 వాట్లు! వోల్టేజి రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. మర సగం తిప్పానని చెయ్యి అనుకుంటుంది, తీగ మాత్రం అలా అనుకోదు.

ఇక తీగ చుట్లు తగ్గించి 1.5 ఓములు చేశామనుకోండి. అదే 5 వోల్టులకు 2.5 ఓముల తీగలో 10 వాట్లు పుడితే, ఇందులో దాదాపు 17 వాట్లు పుడతాయి. కరెంటు 2 ఆంపియర్ల నుంచి 3.3కు ఎగబాకుతుంది. ఆ కరెంటంతా సెల్ ఇవ్వాలి.

మర వెనుక ఉన్నది

మర వెనుక ఉండేది సామాన్యంగా మూడు కాళ్ళ ఐసీ. వాటిలో ప్రసిద్ధమైనది ఎల్.ఎం.317. దీన్ని 1976లో రాబర్ట్ డాబ్కిన్ రూపొందించాడు. ఈనాటికీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దీనికి రెండు రెసిస్టర్లు చాలు. బయటికి వచ్చే వోల్టేజి = 1.25 × (1 + రెండో నిరోధం ÷ మొదటి నిరోధం). మొదటిది 240 ఓములు, రెండోది 1000 ఓముల పొటెన్షియోమీటరు, అనగా మన మర, అయితే 1.25 నుంచి సుమారు 6.5 వోల్టుల దాకా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఎంత సులువు!

"మరింకేం, మొదలుపెట్టు" అన్నాడు మావాడు.

ఆగరా. ఈ ఐసీ బయటికి ఇచ్చే దానికంటే లోపలికి వచ్చేది సుమారు 2 వోల్టులైనా ఎక్కువ ఉండాలి. కాబట్టి ఒక సెల్ చాలదు, రెండు వరుసగా కలపాలి, 7.4 వోల్టులు. అందులో 3.5 వోల్టులు తీగకు పోతే మిగిలిన 3.9 వోల్టులూ ఐసీయే మింగాలి. కరెంటు 1.4 ఆంపియర్లు. తీగలో 4.9 వాట్ల వేడి, ఐసీలో సుమారు 5.5 వాట్ల వేడి! పొగ కోసం పుట్టే వేడి కంటే చేతిలో డబ్బాను కాల్చే వేడే ఎక్కువ. పైగా దీని హద్దు 1.5 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర మన తీగ 2 ఆంపియర్లు అడుగుతుంది. అందుకే ఆ డబ్బాలు చేసినవారు క్రమంగా స్విచ్చింగ్ రెగ్యులేటర్లకు మారారు. అవి కరెంటును సెకనుకు లక్షల సార్లు ఆపుతూ వదులుతూ, కాయిల్ సాయంతో వోల్టేజిని మార్చుతాయి. వేడి రూపంలో వృథా అయ్యేది తక్కువ. అంటే తీగకు మరింత శక్తి నిరాటంకంగా అందుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

వత్తి ఎండితే

మన హాస్టల్లో నీళ్ళు కాచుకునే హీటరు కడ్డీ అందరికీ తెలుసు. బకెట్లో ఉన్నంతసేపు దాని వేడిని నీళ్ళు తీసుకుపోతాయి. స్విచ్చి ఆపకుండా బయటికి తీశారా, కడ్డీ ఎర్రబడి కాలిపోతుంది. పొగడబ్బాలోని తీగ కూడా అంతే. వత్తి ద్రవాన్ని అందించగలిగినంత మేరకే తీగ అదుపులో ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. వాట్లు పెరిగి వత్తి ఎండితే ఉష్ణోగ్రత అంతకు మించిపోతుంది. అప్పుడు ద్రవం ఆవిరి కావడంతో ఆగదు, విచ్ఛిన్నమవుతుంది. అలా పుట్టే వాటిలో ఫార్మాల్డిహైడ్ ఒకటి. జువాలజీ మ్యూజియంలో జాడీల దగ్గర కళ్ళు మండించే ఫార్మలిన్ అంటే నీటిలో కలిపిన ఈ వాయువే.

2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రజ్ఞులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. వోల్టేజి మార్చగలిగే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు. 5 వోల్టుల దగ్గర బాగా కనిపించాయి. ఆ వోల్టేజి దగ్గర వత్తి మాడిపోతుంది, ఆ చేదు ఎవడూ భరించి పీల్చడని ఇతర పరిశోధకులు ఆక్షేపించారు. వాదం ఎటు తేలినా మనకు తెలిసేది ఒకటే. అదే తీగ, అదే ద్రవం, మారింది మర ఒక్కటే.

వేడి సంగతి మా వైపు వాళ్ళకు వేరే చెప్పాలా? శ్రీకాకుళం తీరంలో మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని 'అడ్డపొగ' తాగేవారు. ఆ వేడి, ఆ పొగ కలిసి అంగిలిని ఎట్లా పాడుచేస్తాయో, ఎందరికి అంగిలి క్యాన్సర్ తెస్తాయో వైద్యులు ఆ జిల్లాలోనే పరిశీలించి రాశారు. మా అమ్మమ్మ కూర కారంగా ఉందో లేదో నాలుక కొసతోనే చెప్పగలిగేది. అంగిలికి తెలిసేది కాదు.

జేబులో నిప్పు

ఇంకా సెల్స్ సంగతి మిగిలింది. మావాడు తెచ్చినవి 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. లిథియం అయాన్ సెల్ ఎంత గొప్పదంటే 2019లో గుడ్ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. కాని దాని లోపలి ద్రావణి మండే గుణం గలది. సెల్ లోపలి నిరోధం 50 మిల్లీ ఓములు అనుకోండి. రేకు డబ్బా అంచు తగిలి షార్టయితే 4 వోల్టులకు 80 ఆంపియర్లు! వేడి పెరిగితే లోపలి రసాయన చర్య హెచ్చుతుంది, ఆ చర్య మళ్ళీ వేడిని పెంచుతుంది. ఒకసారి మొదలైతే ఆపడం మన చేతిలో ఉండదు. లాప్‌టాప్‌లో దీన్ని కనిపెట్టి ఆపే కాపలా సర్క్యూటు ఉంటుంది. మావాడు సెల్స్ పీకి తెచ్చాడు, కాపలాను అక్కడే వదిలేశాడు. రెండు పాత సెల్స్ వరుసగా కలిపితే ఒకటి ముందుగా అడుగంటుతుంది, రెండోది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు ఇటువంటి పరికరం ముఖం దగ్గరే పేలి మరణించారు.

చట్టం మాట

ఇంగ్లండులో పెద్దవాళ్ళు సిగరెట్టు మానడానికి దీన్ని ఒక మార్గంగా ఆరోగ్య శాఖ వారే సూచిస్తారు. మన దేశం వేరే దారి పట్టింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టం వచ్చాయి. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిలువ, ప్రకటన అన్నీ నిషిద్ధం. తయారీ అంటే ఫ్యాక్టరీయే కానక్కర లేదు, విడి భాగాలు కూర్చడం కూడా తయారీయే. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిప్పరమెంటు డబ్బాకు ఇది చాలా పెద్ద ధర!

మరి డబ్బా ఏమైంది?

తెల్లవారుజామున మావాడు కాగితం చూసి, "నువ్వు చేయనని ఒక్క ముక్కలో చెప్తే పోయేది గదరా, రాత్రంతా లెక్కలెందుకు?" అన్నాడు. చేయనంటే ఇంకొకడి దగ్గరకు పోతాడు. లెక్క తెలిస్తే పోడేమోనని నా ఆశ.

డబ్బా వృథా కాలేదు. అదే ఎల్.ఎం.317, అదే 240 ఓములు, మర మాత్రం 2000 ఓములది. సెల్స్‌కు బదులు 12 వోల్టుల అడాప్టరు. ఐసీకి హీట్ సింక్, లోపలి వైపు 0.1, బయటి వైపు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. 1.25 నుంచి 9 వోల్టుల దాకా నమ్మకంగా ఇస్తుంది. 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు తీసుకుంటే ఐసీలో 3.5 వాట్లు, హీట్ సింక్ ఎందుకో మావాడే చెప్పాడు! రంధ్రాలు వాడే వేశాడు, మర వాడే బిగించాడు. ఇప్పుడది జూనియర్ల దగ్గర ఉంది. ఓం సూత్రం ప్రయోగానికి లాబులో వంతు రానివాళ్ళు దానితో గదిలోనే రీడింగులు తీసుకుంటున్నారు. సెల్స్‌ను కొనలకు టేపు చుట్టి పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చి వచ్చాం.

సిగరెట్ల సంగతా? పదీ మానలేదు. పొగాకు మానదలచిన వారికి ప్రభుత్వం నడుపుతున్న 1800-11-2356 అనే ఉచిత నంబరు రాసి ఆ డబ్బా మూత లోపల అంటించాను. ఒకసారి చేశాడట. రోజుకు నాలుగుకు దిగాడు. ఈ మర మెల్లగా తిరిగేదే. వర్గాలు, ఘనాలు ఇక్కడ పనిచేయవు. అయినా తిరుగుతున్నది తగ్గే వైపే గదా, అది చాలు.