ఇంటర్ మార్కులు ఎటు పోయాయి?

కరోనాకి ముందు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. లెక్క సింపుల్: 600 గ్రూప్ మార్కుల్ని 25కి, 160 ఎంసెట్ మార్కుల్ని 75కి కుదించేవాళ్లు. అంటే ఇంటర్‌లో 60 మార్కులు ఎక్కువొస్తే ఎంసెట్‌లో ఐదు ప్రశ్నలు ఎక్కువ చేసినట్టే!

2021లో తెలంగాణ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి, ఫస్టియర్ మార్కులే మళ్లీ వేశారు. వాటితో ర్యాంకేం ఇస్తారు? వెయిటేజీ ఆపేశారు. 2023లో తెలంగాణ దాన్ని శాశ్వతంగా తీసేసింది, ఆంధ్రలో మాత్రం తిరిగొచ్చింది. విజయవాడలో మా పిన్ని కూతురు ఇంటర్‌లో ఒక్కో మార్కూ లెక్కపెట్టుకుంటుంటే, హైదరాబాద్‌లో నేను క్వాలిఫై అయితే చాలనుకున్నా. నాకైతే కలిసొచ్చింది. కానీ కోచింగ్ లేకుండా ఊళ్లో గవర్నమెంట్ కాలేజీలో చదివి ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ల ర్యాంకు ఇప్పుడు ఆ మూడు గంటల మీదే.